ముదిమికి మందులు, మందులకు బీమా

మన నెల్లూరు తీరమున మైపాడు మొదలు తూపిలిపాలెము వరకు గల పల్లెలలో పెద్దలు నలుగురు కూడినచోట ఈ కాలమున తప్పక వినవచ్చు మాటలు రెండు: రక్తపుపోటు, చక్కెరవ్యాధి. ఇవి పది దినములలో నయమై పోవునవి కావు. ఉదయమొక మాత్ర, రాత్రి యొక మాత్ర, ఏండ్ల తరబడి మ్రింగుచుండవలసినదే. ఒక్క మాత్ర వెల స్వల్పమే. కాని నెలకు లెక్క వేసినచో, వల లాగుట మానిన జాలరికి, కోతలకు పోలేని కూలికి అది బరువే. “కార్డు ఉన్నది గదా, మందులకు చింత యేల?” అని పలువురు తలంతురు. ఈ తలంపులో సగమే నిజము. ఆ సగమేదో తెలిసికొనుట మేలు.

మన దేశమున ఆరోగ్యబీమా ముఖ్యముగా ఆసుపత్రి పడకకు సంబంధించినది. ఆంధ్రదేశమున ఆరోగ్యశ్రీ 2007లో ఆరంభమైనది. కేంద్రప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ బీమా 2018లో వచ్చినది. 2024 అక్టోబరులో 70 ఏండ్లు నిండిన వారికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ‘వయోవందన’ కార్డు ఏర్పడినది. దానిపై ఏడాదికి కుటుంబమునకు 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభించును. భార్యాభర్తలిరువురు 70 దాటినచో ఆ మొత్తమును పంచుకొనవలెను. ఆసుపత్రిలో చేరుటకు ముందు 3 దినముల మందులు, విడుదలైన తరువాత 15 దినముల మందులు ఇందు చేరియున్నవి. పదునారవ దినము నుండి ఆ వ్యయము మరల మనదే.

సొంతముగా కొనుక్కొను పాలసీల తీరును ఇంచుమించు ఇంతే. ఆసుపత్రికి ముందును తరువాతను కొన్ని దినముల మందులకు సొమ్ము వచ్చును గాని, అవి చేరిన జబ్బుకు సంబంధించినవై యుండవలెను. వైద్యుని చీటీ, దుకాణపు రసీదు, ఆసుపత్రి విడుదల పత్రము మూడును భద్రపరచుకొనుడు. ఇదివరకే యున్న వ్యాధికి 36 నెలల వరకు నిరీక్షణ కాలము విధింపవచ్చును. కనుక ఉన్న జబ్బును దాచక వ్రాయుట క్షేమము. దాచినచో అవసర సమయమున చెల్లింపు నిరాకరింపబడవచ్చును.

అమెరికాలో వృద్ధులు ఇంటివద్ద వాడు మందులకు ప్రత్యేక బీమా 2006 నుండి అమలులో నున్నది. మన కార్మికులకు అట్టి సదుపాయము కొంత ఇ.ఎస్.ఐ.లో కలదు. కనీసము 5 ఏండ్లు బీమాదారుగా నుండి వయసు మీరి విరమించినవాడు ఏడాదికి 120 రూపాయలు చెల్లించి, తనకును తన భార్యకును వైద్యము పొందవచ్చును. ఆసుపత్రిలో చేరకయే ఇచ్చు మందులును అందులో నున్నవి. ఈ సంగతి తెలియక హక్కును వదలుకొనువారు ఉండవచ్చును.

తక్కిన వారి మాటయేమి? ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో పోటుకును చక్కెరకును మందులు ఉచితముగా ఇత్తురు. కొనవలసివచ్చినచో 2008లో ఆరంభమైన జన ఔషధి దుకాణములు కలవు. అచ్చట మందు తయారుచేసిన సంస్థ పేరుతో గాక, మందు అసలు పేరుతోనే అమ్ముదురు. వెల మిక్కిలి తక్కువ. మీ చీటీపై ఆ అసలు పేరు వ్రాయుమని వైద్యుని అడుగుటకు సంకోచింపకుడు.

రక్తపుపోటు తరచుగా నొప్పి లేని జబ్బు. ఒంట్లో బాగుగనే యున్నదని, చేతిలో డబ్బు లేదని, మాత్ర మానివేయువారు పెక్కుమంది. ఒకనాడు పక్షవాతము వచ్చి కాలు చేయి పడిపోయినప్పుడు బీమా లక్షలు చెల్లింపవచ్చును. పోయిన చేయి మాత్రము మునుపటివలె వచ్చునను నిశ్చయము లేదు. ఆ యాపదను ఆపగల మాత్రకు కార్డు సొమ్మియ్యదు. కాబట్టి కార్డును పెట్టెలో భద్రముగా నుంచుడు. మాత్రను మాత్రము ఒక్కపూటయు మానకుడు. ఇంటనున్న పిల్లలు నెలకొకసారి పెద్దల మందుల డబ్బా తెరచి చూచి, ఎన్ని మిగిలినవో లెక్కించిన చాలును. అందుకు రూపాయి ఖర్చు లేదు.