నికాహ్ లేని సహజీవనం - అప్పు మీద కొన్న ఇల్లు

సర్వ స్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా అల్లాహ్ శాంతిశుభాలు కురిపించుగాక!

ధార్మిక సోదర సోదరీమణులారా! బహిరంగంలోనూ ఏకాంతంలోనూ అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండాలని ఒకరికొకరం ఉపదేశించుకుందాం.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మన ప్రాంతం రూపురేఖలు మారిపోయాయి. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గం చేరింది. కర్నూలు, కడప, గుంటూరు, నల్గొండల నుండి మన బిడ్డలు ఇక్కడికి వచ్చి హలాల్ సంపాదనతో తల్లిదండ్రులను ఆదుకుంటున్నారు. ఇది అల్లాహ్ అనుగ్రహం. అయితే వారిలో కొందరు నికాహ్ లేకుండానే ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నారు. ఇద్దరి జీతాలు కలిపి ఇరవయ్యేళ్ల అప్పు మీద ఫ్లాటు కొనేవారూ ఉన్నారు. ఈ విషయం గురించి మౌనం వహించడం మనకు తగదు.

వ్యభిచారం దరిదాపులకైనా పోవద్దని దివ్యఖుర్ఆన్ (బనీ ఇస్రాయీల్: 32) హెచ్చరించింది. నికాహ్‌ను దృఢమైన ప్రమాణంగా (అన్ నిసా: 21) పేర్కొన్నది. ఈ ఆజ్ఞలో సందేహానికి తావు లేదు. దీని వెనుక ఉన్న వివేకం ఏమిటో ఆలోచిద్దాం.

ఇద్దరూ కలిసి గృహరుణం తీసుకుంటే, మొత్తం అప్పుకు ప్రతి ఒక్కరూ బాధ్యులే. ఒకరు విడిచి వెళ్లినా బ్యాంకు రెండోవారి నుండి పూర్తి బాకీ రాబట్టగలదు. వాయిదాలు ఆగిపోయి ఖాతా మొండి బాకీగా మారితే, 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసు ఇచ్చి ఇంటిని స్వాధీనం చేసుకోగలదు. రుణపత్రం మీద సంతకం చేసినంత మాత్రాన ఇంటిపై హక్కు రాదు. హక్కు నిచ్చేది రిజిస్ట్రీ దస్తావేజు. అందులో ఇద్దరి పేర్లూ ఉంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఎవరు పెట్టిన సొమ్మును బట్టి వారికి వాటా కడుతుంది. ఒక్కరి పేరే ఉంటే రెండోవారి స్థితి దయనీయం. 1988 నాటి బినామీ చట్టం, 2016 సవరణ తరువాత, సక్రమ సంపాదనతో భార్య లేక భర్త పేరిట కొన్న ఆస్తిని మినహాయించింది. సహజీవన భాగస్వామికి ఆ మినహాయింపు లేదు. అది బినామీగా తేలితే, సొమ్ము పెట్టినవారు ఆస్తి తమదని దావా కూడా వేయలేరు.

2005 నాటి గృహహింస చట్టం వివాహాన్ని పోలిన బంధంలో ఉన్న స్త్రీకి రక్షణ, నివాసం కోరే అవకాశం కల్పించింది. కానీ ఆ బంధాన్ని ఆమె రుజువు చేసుకోవాలి. ఇద్దరూ వివాహార్హులై, సమాజం ఎదుట దంపతులుగా మెలగి, తగినంత కాలం కలిసి జీవించి ఉండాలని 2010లో సుప్రీంకోర్టు షరతులు పేర్కొన్నది. అప్పుడు దొరికేది కూడా నివాసపు హక్కే గాని, యాజమాన్యం కాదు. అతడు మరణిస్తే ఆమె వారసురాలు కాదు. వీలునామా రాసినా, వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి చెల్లదు. అన్నింటికన్నా బాధాకరమైన విషయం, ఏ పాపమూ ఎరుగని బిడ్డ షరీఅత్ ప్రకారం తండ్రి వంశానికీ, వారసత్వానికీ దూరమవుతుంది.

నికాహ్ చేసుకున్న స్త్రీకి మహర్ హక్కు ఉంది. చెల్లించకుంటే అది భర్తపై అప్పుగా నిలుస్తుంది. పోషణ భారం భర్తదే. భర్త మరణిస్తే సంతానముంటే ఎనిమిదో వంతు, లేకుంటే నాలుగో వంతు ఆమెది. ఆమె సంపాదన ఆమెదే. కాబట్టి భర్తలారా! భార్య జీతం ఇంటి కోసం ఖర్చయితే, ఆమె వాటాను దస్తావేజులో రాయించండి. ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ (అల్ బఖర: 282) అప్పును రాసి ఉంచుకోవడం గురించే. ఇక వడ్డీ ఎంత ఘోరమైనదో మనకు తెలియనిది కాదు. అద్దె ఇంట్లో ఉండటం అవమానం కాదు, వడ్డీతో ఇల్లు కట్టుకోవడమే భయపడవలసిన విషయం.

తల్లిదండ్రులారా! మనం నికాహ్‌ను బరువు చేస్తే హరామ్ తేలికవుతుంది. కట్నాలు, ఫంక్షన్ హాళ్ల ఆర్భాటాలు ఎందరి నికాహ్‌నో ఏళ్ల తరబడి ఆపుతున్నాయి. ఇనుప ఉంగరం కూడా ఇచ్చుకోలేని ఒక పేద సహాబీకి, తనకు వచ్చిన ఖుర్ఆన్ సూరాలనే మహర్‌గా భావించి దైవప్రవక్త (స) నికాహ్ జరిపించారు.

ఈ స్థితిలో ఉన్న యువతీయువకులారా! తౌబా ద్వారం తెరిచే ఉంది. ధర్మం అనుమతించే జంటైతే విడిగా ఉండి, పెద్దలకు తెలిపి, ఆలస్యం లేకుండా సాక్షుల సమక్షంలో నికాహ్ చేసుకోండి. ఖాజీ ఇచ్చే నికాహ్‌నామాను భద్రపరచండి. విడిపోవలసి వస్తే లెక్కలు తేల్చి, ఎవరి సొమ్ము వారికి అప్పగించండి. బంధం హరామ్ అయినంత మాత్రాన అవతలివారి సొమ్ము మనకు హలాల్ కాదు. వాక్చాతుర్యంతో తన ఎదుట తీర్పు గెలుచుకుని సోదరుని హక్కును తీసుకున్నవాడు నరకాగ్ని ముక్కను తీసుకున్నట్లేనని ప్రవక్త (స) హెచ్చరించారు. దైవప్రవక్త తీర్పే అన్యాయపు సొమ్మును హలాల్ చేయనప్పుడు, మన చట్టంలోని లొసుగు ఎలా చేస్తుంది?

ఓ అల్లాహ్! మా యువత శీలాన్ని కాపాడు. మా ఇళ్లను హలాల్ సంపాదనతో, ప్రేమతో, కరుణతో నింపు. ఇతరుల హక్కు మెడకు చుట్టుకున్న స్థితిలో మమ్మల్ని నీ సన్నిధికి పిలిపించుకోకు. ఆమీన్.