సంతకం పెట్టే ముందు అడుగుదాం

మన కంగ్టి సంఘాల్లో ఆపతికని తీసుకునే అప్పుల్లో కాన్పు ఖర్చులు కూడా ఉంటున్నయి, అందుకే ఈ ముచ్చట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు పెద్దాపరేషన్లే. ప్రైవేటు దవాఖానల్లో 81.5, సర్కారు దవాఖానల్లో 44.5. సర్కారు లెక్క కూడా తక్కువేం కాదు.

పైసల ఆశ ఒక్కటే కారణం కాదు. నొప్పుల కోసం ఆగితే ఏమన్నా అయితదేమో, చుట్టాలు మీద పడి గొడవ చేస్తరేమో అన్న భయం డాక్టర్లకూ ఉంది. ముహూర్తం పెట్టించుకొని పోయేది మాత్రం మనమే!

అవసరమున్నప్పుడు ఆపరేషన్ రెండు ప్రాణాలు కాపాడుతుంది, వద్దనం. కానీ రాత్రి నొప్పులొస్తే 108 కోసం ఎదురుచూసే తండాలో ఆ ఆపరేషనే టైముకు అందదు. అక్కర లేని చోటేమో పొట్ట కోస్తున్నరు. కోతైన మనిషి తొందరగా పత్తి చేనుకు పోలేదు. కూలి పోతది, కిస్తీ ఆగుతది. మొదటిది ఆపరేషనైతే రెండోది కూడా ఎక్కువగా అదే.

అందుకే ఈ ఏడు గర్భిణి వెంట సంఘం నుంచి ఒకరు తోడు పోవాలె అనుకున్నం. సంతకం పెట్టకముందే "ఎందుకు కోయాలె? ఇంకొంచెం ఆగితే ఏమైతది?" అని డాక్టర్ను మర్యాదగా అడగాలె.