తాళాల గుత్తి చేతులు మారే రోజు

ఊరి గ్రంథాలయమైనా, రక్తదాతల సంఘమైనా, కాలనీ సంక్షేమ సంఘమైనా, జీతం లేని సేవతో నడిచే ఏ సంస్థకైనా అసలు పరీక్ష నాయకత్వం మారే రోజే.

చాలాచోట్ల ఒక్కరే ఏళ్ల తరబడి భారం మోస్తారు. "మీరే ఉండండి సార్, మాకెక్కడ తీరుతుంది" అంటాం. ఆయన మంచాన పడితే బీరువా తాళాలు ఎక్కడున్నాయో, గది అద్దె ఎవరికి కట్టాలో ఎవరికీ తెలియదు.

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి సంఘాలు ఎక్కువగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు అందించాలి. ఎన్నిక పద్ధతి, పదవీకాలం నియమావళిలో స్పష్టంగా రాసుకోవాలి.

రోటరీ క్లబ్బులను చూడండి. అధ్యక్ష పదవి సాధారణంగా ఏడాదే. కాబోయే అధ్యక్షుణ్ణి ముందుగానే ఎన్నుకుంటారు. పని నేర్చుకుని, జూలై 1న ఆయన బాధ్యత తీసుకుంటారు.

మనమూ అలా చేయవచ్చు. పోటీలో లేని పెద్దమనిషికి ఎన్నిక అప్పగిద్దాం. ప్రతి పదవికీ ఒక సహాయకుణ్ణి తయారుచేద్దాం. ఎన్నిక కాగానే మినిట్స్ పుస్తకం, నగదు పుస్తకం, రసీదులు, తాళాలు సభ్యుల ముందు లెక్కచూసి, సంతకాలతో అప్పగిద్దాం. తీర్మానం నకలు ఇచ్చి బ్యాంకులో సంతకాలు మార్పిద్దాం.

దిగిపోయినవారు సలహాకు పక్కనే ఉండాలి. పదిమంది కట్టిన సంస్థ పదికాలాలు నిలవాలంటే, తాళాల గుత్తి సకాలంలో చేతులు మారాలి.