వృత్తిధూళి – నాసికా క్యాన్సరు
(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లవానిని బడిలో చేర్చుకొనేటప్పుడు ప్రవేశ పట్టికలో తండ్రి పేరు పక్కన ‘తండ్రి వృత్తి’ అనే గడి ఒకటి ఉంటుంది. బీదర్ వంటి పట్టణంలో డెబ్బై అయిదేళ్ల పట్టికలు తిరగవేస్తే ఆ ఒక్క గడిలోనే ఊరి బ్రతుకంతా కనిపిస్తుంది. వడ్రంగము, కోత మిల్లు కూలి, చెప్పుల పని, బిద్రీ పని, సేద్యము, గుమాస్తాగిరి. అదే తండ్రి ఆస్పత్రికి పోతే అక్కడ చీటీ మీద పేరు, వయసు, ఊరు వ్రాసుకొంటారు. వృత్తికి చాలా చీటీలలో చోటే ఉండదు. ముక్కుకు వచ్చే క్యాన్సరు విషయంలో ఈ లోటు ప్రాణం మీదికి తెస్తుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన లోటు కాదు. ఇటలీలోని మోదెనాలో వైద్యం బోధించిన బెర్నార్డినో రమజ్జీనీ 1700లో పనివారల వ్యాధులను గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. పూర్వ వైద్యులు రోగిని అడగమన్న ప్రశ్నలకు మరొకటి చేర్చాలని, అది ‘నీవు చేసే పని ఏమిటి’ అన్న ప్రశ్న అని అందులో బోధించాడు. మూడు వందల ఏళ్లు దాటినా ఆ ప్రశ్న ఇంకా వైద్యుని నోట అలవాటుగా రావడం లేదు.

ముక్కుకు ఇరువైపులా బుగ్గ ఎముకలలో, నుదుటి ఎముకలో, రెండు కళ్ల నడుమ గాలితో నిండిన బోలు గదులు ఉంటాయి. వాటినే సైనసులంటారు. వీటికి క్యాన్సరు రావడం చాలా అరుదు. సామాన్య జనంలో ఏటా లక్ష మందిలో ఒకరికి అటూ ఇటూగా వస్తుంది. ఇంత అరుదైన జబ్బు ఒకే పనివారిలో పదే పదే కనిపిస్తే, దానిని కాకతాళీయమని కొట్టివేయడం తగదు.

సరిగ్గా అదే ఇంగ్లండులో జరిగింది. హై వికమ్ అనే ఊరు కుర్చీల తయారీకి పేరు పొందినది. చుట్టుపక్కల కొండల మీద పెరిగే బీచ్ కొయ్యతో తరతరాలుగా అక్కడ కుర్చీలు చేసేవారు. ఆ ఊరి ఆస్పత్రిలో చెవి, ముక్కు, గొంతు శస్త్రవైద్యురాలిగా పనిచేసిన ఎస్మీ హాడ్‌ఫీల్డ్, తన వద్దకు వచ్చే నాసికా క్యాన్సరు రోగులలో వడ్రంగులు ఎక్కువగా ఉన్నారని గమనించింది. అందులోనూ వారికి వచ్చినది గ్రంథి కణాల నుంచి పుట్టే ఒక ప్రత్యేకమైన రకం. ఆక్స్‌ఫర్డులోని అచిసన్, మాక్‌బెత్ అనే వైద్యులు ఆమెతో కలిసి లెక్కలు తీశారు. 1968లో ప్రకటించిన ఫలితం వైద్యలోకాన్ని ఉలిక్కిపడేట్టు చేసింది. కుర్చీలు, బల్లలు చేసే పనివారిలో ఆ ఒక్క రకం క్యాన్సరే ఏటా పదివేల మందిలో సుమారు ఏడుగురికి వస్తోంది. ఆ కాలంలో దక్షిణ ఇంగ్లండు పురుషులకు ఊపిరితిత్తుల క్యాన్సరు ఎంతగా వచ్చేదో, ఈ వడ్రంగులకు ఈ అరుదైన జబ్బు అంతగా వచ్చింది. అనుమానం వార్నిషు, పాలిషుల మీద కంటె కొయ్య ధూళి మీదికే మళ్లింది. 1969లో బ్రిటిషు ప్రభుత్వం దీనిని వృత్తివ్యాధిగా గుర్తించి పరిహారానికి అర్హత కల్పించింది. 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ, కొయ్య ధూళి మనుషులకు క్యాన్సరు కలిగిస్తుందని నిర్ధారించి మొదటి వర్గంలో చేర్చింది.

ఇన్ని తరాలుగా వడ్రంగము సాగుతున్నది కదా, తాతలకు లేని జబ్బు మనుమలకెందుకు వస్తుందని అడిగేవారుంటారు. అడగదగిన ప్రశ్నే. బీదర్ కోటలోని రంగీన్ మహలు చూసినవారికి అక్కడి చెక్కడపు కొయ్య స్తంభాలు తెలుసు. ఆ పని ఉలితో, సుత్తితో జరిగినది. ఉలి కొయ్యను పెచ్చులుగా లేపుతుంది; చిత్రిక పడితే చుట్టలు చుట్టలుగా పొట్టు రాలుతుంది. అవి కాళ్ల కింద పడతాయే గాని ముక్కులోకి పోవు. నేటి దుకాణంలో పని వేరు. కరెంటు రంపం, గరుకు కాగితం బిగించి నునుపు చేసే యంత్రం, ప్లైవుడ్డు కోసే బ్లేడు, ఇవి కొయ్యను పిండి చేస్తాయి. ఆ పిండి తలుపులు మూసిన గదిలో గంటల తరబడి తేలుతూనే ఉంటుంది. టేకు, మద్ది వంటి గట్టి కొయ్యల ధూళి మరింత శంకించదగినది. ఎందుకంటే, గ్రంథి కణాల రకం క్యాన్సరుకు ఆధారాలు ప్రధానంగా గట్టి కొయ్య ధూళి మీదనే దొరికాయి.

ముక్కు ఒక జల్లెడ. కాస్త పెద్ద రేణువులు ఊపిరితిత్తుల దాకా పోకుండా ముక్కులోనే ఆగిపోతాయి. లోపలి సన్నని కేశాలు ఆ మురికిని జిగురుతో సహా వెనక్కు నెట్టివేస్తాయి. ఏళ్ల తరబడి ధూళి పీల్చిన పనివారిలో ఈ నెట్టుడు మందగిస్తుంది, ధూళి ఒకేచోట నిలిచి పొరను ఒరుస్తుంది. జబ్బు బయటపడడానికి సగటున 40 ఏళ్లు పట్టవచ్చు. పదహారో ఏట రంపం పట్టినవానికి అరవై దగ్గర పడ్డాక, కొడుకులు పని అందుకొని తాను ఇంట కూర్చున్నాక, ముక్కు నుండి నెత్తురు పడుతుంది. అప్పుడు పాత దుకాణం సంగతి ఎవరికి జ్ఞాపకం వస్తుంది?

చర్మకారుల చరిత్ర కూడా ఇటువంటిదే. 1970లో ఇంగ్లండులోని నార్తాంప్టన్ ప్రాంతపు బూట్ల కర్మాగారాలలో, తోలును కత్తిరించి, ఒరిపిడి పట్టి, నునుపు చేసే గదులలో పనిచేసినవారిలో నాసికా క్యాన్సరు అధికమని తేలింది. బయట చెట్టు నీడన కూర్చుని సూది దారంతో చెప్పులు కుట్టేవానికీ, యంత్రం మీద అట్ట అంచులు అరగదీసేవానికీ ధూళిలో తేడా ఉన్నది.

బిద్రీ పనివారిని గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్లో ఆ అనుమానం ముందుగా వారి మీదికే పోతుంది. బిద్రీ పాత్రలో అధిక భాగం తుత్తునాగము, కొద్దిగా రాగి. పోత పోసేటప్పుడు లేచే తుత్తునాగపు పొగ చలిజ్వరం వంటిది తెప్పించగలదు. ఒరిపిడి ధూళి శ్వాసకు మంచిది కాదు. అయినా తుత్తునాగము, రాగి నాసికా క్యాన్సరు కారకాల పట్టికలో లేవు. లేని భయాన్ని ఒక పేరున్న కళకు అంటగట్టడం అన్యాయం. లోహాలలో దోషిగా తేలినది నికెలు. అదీ ముఖ్యంగా ఖనిజాన్ని శుద్ధి చేసే కర్మాగారాలలో. వేల్సు దేశంలోని క్లైడాక్ నికెలు కర్మాగారంలో తొలి రోజుల పనివారు ఎందరో ముక్కు, ఊపిరితిత్తుల క్యాన్సర్లతో పోయారు. అక్కడ పద్ధతులు మార్చి, ధూళి తగ్గించిన తరువాత, 1930 దాటి పనిలో చేరినవారిలో నాసికా క్యాన్సరు దాదాపు కనుమరుగైంది. ధూళి ఆగితే జబ్బు ఆగుతుందనడానికి ఇంతకంటె గట్టి సాక్ష్యం అక్కరలేదు.

బడికి సంబంధించిన మాట కూడా ఒకటున్నది. జీవశాస్త్ర ప్రయోగశాలలో కప్పను, పామును నిలువ ఉంచే ఫార్మలిను నుండి వెలువడే ఫార్మాల్డిహైడును 2004లో క్యాన్సరు కారకంగా నిర్ధారించారు. అది ముఖ్యంగా ముక్కు వెనుక, గొంతు పైభాగానికి వచ్చే క్యాన్సరు విషయంలో. అప్పుడప్పుడు సీసా చూసిన విద్యార్థి బెంబేలు పడనక్కరలేదు. కాని మూత వదులైన సీసాలున్న గదిలో రోజూ పనిచేసే సహాయకునికి కిటికీలు తెరచి ఉండాలి. ప్లైవుడ్డు, అట్టబల్లల జిగురులోనూ ఇదే పదార్థం ఉంటుంది.

గుర్తులేమిటి? జలుబు రెండు ముక్కులకూ పడుతుంది, పోతుంది. ఒకవైపే వారాల తరబడి దిబ్బడ, ఒకవైపే నెత్తురు కలిసిన చీమిడి, వాసన తెలియకపోవడం, ఒక కన్ను ఊరికే నీరు కారడం లేక ముందుకు పొడుచుకు రావడం, బుగ్గ మొద్దుబారడం, పుచ్చు లేకుండానే పై పళ్లు కదలడం, ఇవి ఉపేక్షించరానివి. వీటిలో చాలా వరకు పీనసం ఖాతాలో పడి, మందుల మీద మందులు మారి నెలలు గడిచిపోతాయి. సన్నని గొట్టం ద్వారా ముక్కు లోపల చూడడం, స్కానింగు, ముక్క తీసి పరీక్షించడం వలన నిజం తేలుతుంది. బీదర్ వారికి హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రి, బెంగళూరులోని కిద్వాయ్ సంస్థ ప్రభుత్వ రంగంలో ఉన్నవి. జబ్బు కంటి గూటికి, మెదడు పొరకు చేరక ముందే వెళ్లినవారికి శస్త్రచికిత్స, రేడియేషను వలన ఎక్కువ ఫలితం ఉంటుంది.

దుకాణంలో చేయదగినవి ఖరీదైనవేమీ కావు. యంత్రం పక్కనే ధూళిని లాగివేసే పీల్పుడు గొట్టం అన్నిటికంటె మేలు. అది లేనిచోట నునుపు చేసే పని ఆరుబయట పెట్టుకోవాలి. సాయంత్రం చీపురుతో ఊడిస్తే పడిన ధూళి మళ్లీ లేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి. గాలి పంపుతో బట్టలు దులుపుకొనే అలవాటు మరీ చెడ్డది. ముఖానికి కట్టే తువ్వాలు సన్న ధూళిని ఆపదు, ముఖానికి బిగుతుగా అమరే ఎన్-95 వంటి మాస్కు కావాలి. ఇద్దరు ముగ్గురు పనిచేసే దుకాణం చట్టరీత్యా కర్మాగారం లెక్కలోకి రాదు. తనిఖీ అధికారి అక్కడికి రాడు కనుక యజమానే ఆ పని చూసుకోవాలి, చాలా చోట్ల ఆ యజమాని కూడా రంపం ముందు నిలబడేవాడే.

ఆస్పత్రికి పోయే పెద్దవారి వెంట వెళ్లే పిల్లలు ఒక కాగితం మీద మూడు సంగతులు వ్రాసి వైద్యుని చేతికివ్వవచ్చు: తండ్రి ఏ పని చేశాడు, ఏ కొయ్య లేక తోలు లేక రసాయనంతో చేశాడు, ఎన్ని సంవత్సరాలు చేశాడు. మొదటి సంగతి ఎలాగూ బడి పట్టికలో వారి పేరు పక్కనే ఉన్నది.