జ్యూరీ చూడని కాగితాలు



అప్పీలు అనగానే పై కోర్టును కనికరించమని వేడుకోవడమని మనలో పలువురు తలుస్తారు. కాదు. కింది కోర్టు ఏ సాక్ష్యాన్ని స్వీకరించింది, దేనిని విడిచింది, జ్యూరీ ఉన్న దేశాలలో న్యాయమూర్తి ఆ జ్యూరీకి ఏమి నిర్దేశించాడు అన్నవాటిని పరీక్షించమని కోరడమే అప్పీలు. మహమూద్ మట్టాన్ ఉదంతమే ఇందుకు సాక్షి.

ఆయన సోమాలీ ముస్లిం నావికుడు. భార్య లారా వేల్స్ యువతి, ముగ్గురు కొడుకులు. 1952 మార్చి 6న కార్డిఫ్ రేవుపేటలో లిలీ వోల్పర్ట్ అనే దుకాణదారు హత్యకు గురయ్యారు. మట్టాన్‌ను ఆ దుకాణం వద్ద చూశానన్న ఒక్క సాక్షి మాటే ప్రాసిక్యూషన్‌కు ప్రధాన ఆధారం. పోలీసులకు అతడు మొదట చెప్పినది వేరు. నలుగురు ఇతర సాక్షులు గుర్తింపు పరేడ్‌లో మట్టాన్‌ను గుర్తించనే లేదు. ఈ సంగతులు జ్యూరీ చెవిన పడలేదు. పైగా సొంత న్యాయవాదే వాదనలో ఆయనను సగం అనాగరికుడన్నాడు! శత్రువు వేరే కావాలా? ఆగస్టులో అప్పీలుకు అనుమతి నిరాకరించారు. సెప్టెంబరు 3న ఉరితీశారు.

1969లో ఆ ప్రధాన సాక్షే హత్యాయత్నం కేసులో దోషిగా తేలాడు. కేసు తిరగదోడమని కుటుంబం కోరితే హోంశాఖ కాదన్నది. కంటితో గుర్తుపట్టిన సాక్ష్యంపై కేసు నిలిచినపుడు పొరబాటుకు గల అవకాశాన్ని న్యాయమూర్తి జ్యూరీకి హెచ్చరికగా చెప్పి తీరాలన్న నియమం 1976లో టర్న్‌బుల్ తీర్పుతో స్థిరపడింది. అయితే దాచిన కాగితం గురించి ఏ న్యాయమూర్తి మాత్రం హెచ్చరించగలడు? పాత శిక్షలను పునఃపరిశీలించే కమిషన్ 1997లో పని మొదలుపెట్టి, తొలుత అప్పీలు కోర్టుకు పంపినది ఈ కేసునే. 1998 ఫిబ్రవరి 24న శిక్ష రద్దయినది. పోలీసులు క్షమాపణ చెప్పినది 2022లో. అప్పటికి లారా గాని, కొడుకులు గాని సజీవులు కారు.

మన దేశంలో నేడు జ్యూరీ లేదు. హైకోర్టు సాక్ష్యాన్ని మొత్తం తిరిగి తూచవచ్చు. కనుక మన కాగితాలకు మరింత బలమున్నది. ఫైళ్ల నడుమ బ్రతికినవారము గనుక చెబుతున్నాము: ఖైదు శిక్ష పడినవానికి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వవలసినదే. సెషన్సు కోర్టు మరణశిక్ష విధిస్తే హైకోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, ఇతర శిక్షలకు 60. నిర్బంధంలో ఉన్నవానికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి. సాక్షులు పోలీసులకు ఇచ్చిన తొలి వాంగ్మూలాల నకళ్లను ముందుగా అడగండి, వాటిని కోర్టులో చెప్పినదానితో పక్కపక్కన పెట్టి చదివించండి.