బడికి పోవు మధుమేహ బాలలు

మధుమేహము పెద్దవయసువారి వ్యాధి యని మనలో పెక్కుమంది తలంతురు. పలక పట్టిన పసివానికి సైతము అది రాగలదని చెప్పినచో కొందరు నమ్మరు. నమ్మినవారిలో కొందరు, మిఠాయిలు మితిమీరి పెట్టియుందురని తల్లిని నిందింతురు. ఈ రెండును పొరపాట్లే. పిల్లలలో తరచుగా కనిపించునది మొదటి రకపు మధుమేహము. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి, క్లోమములో ఇన్సులిన్‌ను తయారుచేయు కణములను నశింపజేయుటచే ఇది కలుగుచున్నది. ఇది తీపి తినుటవలన వచ్చునది కాదు. ఒకరినుండి యొకరికి అంటునదియు కాదు.

నూరేండ్ల క్రిందట ఈ వ్యాధి వచ్చిన బిడ్డకు ఆయువు లేదనియే చెప్పుచుండిరి. 1921లో కెనడా దేశమందలి టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అను వారు ఇన్సులిన్‌ను వెలికితీసిరి. 1922 జనవరిలో ఆ మందును మొదట పొందిన రోగి 14 ఏండ్ల బాలుడు. అనగా ఈ మందు మొట్టమొదట నిలిపినది బడియీడు పిల్లవాని ప్రాణమునే. ఇప్పుడు మన ముందున్న ప్రశ్న వేరు. ఆ బిడ్డ తోటిపిల్లలతో సమానముగా చదివి, ఆడి, పెరుగుట ఎట్లు? ఇందుకు సగము సమాధానము ఇంటిలో నున్నది; తక్కిన సగము బడిలో నున్నది.

ఆరోగ్యవంతుని శరీరము తిన్న అన్నమునకు తగినంత ఇన్సులిన్‌ను తనంతట తానే కొలిచి విడుచును. ఈ బాలునికి ఆ కొలతను వైద్యుని సలహాపై ఇంటివారు సూదిమందుగా అందింపవలెను. మందు పడిన పిమ్మట అన్నము ఆలస్యమైనను, తక్కువైనను, పరుగుపందెములు ఎక్కువైనను రక్తములోని చక్కెర పడిపోవును. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకు తగ్గినచో వెంటనే చూడవలసియుండును.

అప్పుడు పిల్లవానికి చెమట పట్టును, చేతులు వణకును, ఆకలి వేయును, ముఖము పాలిపోవును. అడిగినదానికి పొంతనలేని జవాబు చెప్పును. కారణము లేకయే కోపగించుకొనును. బల్లపై తల వాల్చును. సంగతి తెలియని ఉపాధ్యాయుడు దీనిని సోమరితనమనియో, పొగరనియో తలంచి బయట ఎండలో నిలువబెట్టవచ్చును. ప్రమాదమంతయు ఇచ్చటనే యున్నది. తెలిసిన ఉపాధ్యాయుడైనచో రెండు నిమిషములలో దానిని తప్పింపగలడు.

చేయవలసినది కష్టమైనది కాదు. చక్కెర చూచుకొను చిన్న యంత్రము దగ్గరనున్నచో ఒక్క రక్తపు చుక్కతో పరీక్షింపవచ్చును. లేనిచో పరీక్షకై ఆగరాదు. సుమారు 15 గ్రాముల గ్లూకోజుపొడి గాని, మూడు చెంచాల పంచదార గాని నీటిలో కలిపి త్రాగింపవలెను. చిన్నపిల్లలకు ఇంతకన్న తక్కువ చాలును. ఆ కొలతను వైద్యుడు ముందే చెప్పియుంచును. 15 నిమిషములకు తిరిగి చూచి, తేరుకొననిచో మరల ఇయ్యవలెను. చాక్లెట్టు ఇందుకు పనికిరాదు. అందలి కొవ్వువలన చక్కెర రక్తములోనికి మెల్లగా చేరును. తేరుకొనువరకు బిడ్డను ఒంటరిగా విడువరాదు, ఒంటరిగా ఇంటికి పంపరాదు. స్పృహ తప్పినచో నోటిలో ఏమియు పోయరాదు. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి తక్షణమే ఆసుపత్రికి చేర్పవలెను.

చక్కెర హెచ్చినపుడు మాటిమాటికి దప్పిక, మూత్రము వచ్చును. కనుక ఆ బిడ్డ నీళ్లకు గాని బయటికి గాని పోవుటకు అనుమతికై కాచుకొనవలసిన పని యుండరాదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసముతో కూడిన లోతైన ఊపిరి కనబడినచో అది అపాయసూచన. ఆలస్యము చేయక వైద్యుని కడకు పోవలెను.

ఇక తల్లిదండ్రులతో ఒక మాట. మనలో పెక్కు కుటుంబములు ఈ సంగతిని దాచుచున్నవి. ముఖ్యముగా ఆడపిల్ల యైనచో, రేపు పెండ్లికి అడ్డు వచ్చునను భయము. ఆ భయమును మేము తేలికగా కొట్టివేయలేము. అది లోకము పెట్టిన భయము. కాని దాని ఫలితమును బిడ్డయే అనుభవించుచున్నది. నలుగురు చూతురని మధ్యాహ్నపు సూదిని మానివేయును, లేదా మరుగుదొడ్డిలో దాగి వేసికొనును. బడిలో ఎవరికిని తెలియనిచో, పడిపోయిననాడు ఆదుకొనువారు ఉండరు. ఇట్లే, ఎవరో చెప్పిన పసరు నమ్మి ఇన్సులిన్‌ను మానిపించుట మరియొక ఆపద. ఈ పిల్లలకు ఇన్సులిన్ ఆగినచో కొలది దినములలోనే ప్రాణముమీదికి వచ్చును.

కావున జూన్ నెలలో బడులు తెరచిన వెంటనే ప్రధానోపాధ్యాయుని కలిసి ఒక కాగితము వ్రాసి యిండు. అందు సూది వేళలు, తిండి వేళలు, చక్కెర పడిపోయినపుడు ఆ బిడ్డలో కనబడు గుర్తులు, చేయవలసిన పని, వైద్యుని టెలిఫోను సంఖ్య ఉండవలెను. గ్లూకోజు పొట్లమొకటి బిడ్డ సంచిలోను, ఒకటి తరగతిలోను ఉంచుడు. వేసవి ఎండలకు ఇన్సులిన్ చెడిపోవును. మంచుగడ్డపై నేరుగా పెట్టినను చెడిపోవును. చల్లని పెట్టె లేనిచోట, మన మట్టికుండ నీడలో ఆ పని చక్కగా చేయగలదు. వాడిన సూదులను గట్టి డబ్బాలో మూసి ఇంటికి తెప్పించుకొనుడు.

ఉపాధ్యాయులు అడుగదగిన ప్రశ్న, నియమములు ఇందుకు ఒప్పునా యనునది. కేంద్ర మాధ్యమిక విద్యామండలి 2017లోనే ఈ పిల్లలు చక్కెర బిళ్లలు, పండ్లు, నీరు పరీక్షాశాలకు తీసికొనిపోవుటకు అనుమతించినది. 2023 జూలైలో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్, తరగతిలోను పరీక్షలలోను వీరిని చక్కెర చూచుకొననిండని, సూది వేసికొననిండని, చిరుతిండి తిననిండని రాష్ట్రములకు వ్రాసినది. మధ్యాహ్న భోజనపు వరుసలో ఆ బిడ్డను ముందు నిలుపుటకు మాత్రము ఏ ఉత్తరువు కావలెను?

ఆటలనుండి, విహారయాత్రలనుండి వీరిని తొలగింపకుడు. ఆటకు ముందు చక్కెర చూచి, కొంచెము తిండి పెట్టినచో చాలును. ప్రక్కన కూర్చుండు స్నేహితునికి ఆ గుర్తులు చెప్పియుంచుడు. పెద్దలకన్న ముందు వాడే కనిపెట్టును. ఈ బిడ్డలు కోరునది జాలి కాదు. తమ సంగతి తెలిసియు తమను అందరివలెనే చూచు ఒక తరగతిని వారు కోరుచున్నారు. దానిని వారికి కల్పించుట మన చేతిలోని పని.