సోయా ధర ఎక్కడో రేవులో తేలుతోంది
(సోయా రైతుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆదిలాబాద్, నిజామాబాద్ యార్డుల్లో సోయాకు ఏం జరుగుతోందో మీకు నేను చెప్పేదేముంది? అందుకే మన ధర మీద దూరం నుంచి బరువు మోపుతున్న ఒక రేవు గురించి చెబుతాను. అది సముద్రం ఒడ్డున లేదు, నది మీద ఉంది.

అర్జెంటీనాలో పరానా అనే పెద్ద నది ఉంది. దాని ఒడ్డున రొసారియో నగరం. సముద్రానికి నది దారిన 400 కిలోమీటర్లకు పైగా లోపల. అయినా సముద్రపు ఓడలు అక్కడిదాకా వస్తాయి. నది అడుగున చేరే ఇసుకను, ఒండ్రును డ్రెడ్జర్లతో నిత్యం తోడుతూ, 34 అడుగుల లోతు మునిగే ఓడలు నడిచేలా దారి ఉంచుతారు. ఆ ఖర్చుకు ఓడల దగ్గర సుంకం తీసుకుంటారు. ఓడ యజమాని దాన్ని కిరాయిలో కలుపుతాడు. ఎగుమతిదారు రైతుకిచ్చే ధరలో కోస్తాడు. నది తోడినా, తోడకపోయినా చివరి బిల్లు రైతుదే.

రేవు అంటే ఒక్కచోట కాదు. నగరానికి ఎగువన, దిగువన ఒడ్డు పొడవునా టెర్మినళ్లే. కోతల కాలంలో రోజుకు వేల లారీలు వస్తాయి. లోడులోకి గొట్టం దింపి శాంపిల్ తీస్తారు. తేమ, మట్టి, చెత్త చూస్తారు. కాటా వేస్తారు. లారీని ప్లాట్‌ఫారం మీద నిలిపి, ముందు భాగం పైకి లేపితే గింజలు గుంటలోకి జారిపోతాయి. అక్కడి నుంచి ఎలివేటర్లు సైలోలకు ఎత్తుతాయి. బెల్టుల మీదుగా, గొట్టాల గుండా ఓడలోకి పోస్తారు. బస్తా లేదు, హమాలీ మోత లేదు.

అసలు సంగతి ఇంకొకటి. సోయాలో ఎక్కువ భాగాన్ని గింజగా పంపరు. రేవు పక్కనే మిల్లులున్నాయి. నూనె, పిండి తీసి ఓడకెక్కిస్తారు. ఈ రెండింటి ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం అర్జెంటీనాది. పెద్ద ఓడలు 34 అడుగుల నీటిలో పూర్తిగా నిండవు. మిగతా సరుకు బహియా బ్లాంకా లాంటి సముద్రపు రేవుల్లో నింపుకుంటాయి. 2021లో కరువొచ్చి పరానా ఏడు దశాబ్దాల్లో ఎన్నడూ లేనంతగా తగ్గింది. ఓడలు ఇంకా తక్కువ సరుకుతో కదలాల్సి వచ్చింది.

మనం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. సోయా నూనె ఎక్కువగా వచ్చేది అర్జెంటీనా నుంచే. దానికీ మన పంటకూ మధ్య ఉన్న గట్టు దిగుమతి సుంకం ఒక్కటే. 2024 సెప్టెంబరులో ముడి నూనెపై మొత్తం సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచారు. 2025 మే చివర్లో, మనం విత్తనం కొనే వేళకు, 16.5 శాతానికి దించారు. ఆ ఖరీఫ్‌కే క్వింటాలుకు 5,328 రూపాయల మద్దతు ధర ప్రకటించారు. ఒక చేత్తో ధర రాసి, ఇంకో చేత్తో గట్టు తెంపితే ఆ ధర ఎలా నిలుస్తుంది?

అక్కడి రైతు మన శత్రువు కాదు. రొసారియో ప్రాంతంలోనే, అల్కోర్తాలో, 1912లో కౌలు రైతులు అధిక కౌలుకు ఎదురు తిరిగి సమ్మె చేశారు. 1922లో సహకార సంఘాలు కలిసి ఒక సమాఖ్య పెట్టుకున్నాయి. ఇవాళ దానికి శాన్ లొరెంజోలో సొంత టెర్మినల్ ఉంది. అంతటితో వాళ్ల బాధలన్నీ తీరలేదు. కానీ కాటా, సైలో, ఓడ దాకా వాళ్ల చెయ్యి వెళ్లింది. మన చెయ్యి యార్డు గేటు దగ్గరే ఆగిపోతోంది.

కాబట్టి మనం అడగాల్సినవి మూడు. నూనె సుంకాన్ని విత్తనానికి ముందే ప్రకటించాలి, పంట అమ్ముకునేదాకా తగ్గించకూడదు. తేమ పరీక్ష, కాటా రైతు ఎదుటే జరగాలి, రెండింటికీ చీటీ ఇవ్వాలి. రైతు సంఘాలకు గోదాములు, చిన్న నూనె మిల్లులు పెట్టుకోవడానికి అప్పు ఇవ్వాలి. మొదటిది ఢిల్లీలో, రెండోది మన యార్డులో తేలేవి. మూడోదానికి మాత్రం ముందు మనం కూడాలి. ఈ సదస్సు నుంచి వెళ్లేలోపు ఏ ఊరి నుంచి ఎంతమంది సంఘంలో చేరతారో పేర్లు రాయించి వెళ్లండి.